చీటీ తీయక ముందే

జనవరి చివరి వారంలో మా అమ్మాయి చదివే స్కూల్ బోర్డు మీటింగుకి వెళ్లాను. ఎజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడదలచినవాళ్లు ముందే పేరు రాసి ఇవ్వాలి. ఒక్కొక్కరికి 2 నిమిషాలు. నేను రాసుకెళ్లినవి రెండు పేజీలు. మొదటి పేజీ సగంలో ఉండగానే టైమర్ మోగింది. ఇంటికొచ్చి పడుకున్నా మిగిలిన పేజీన్నర బుర్రలో తిరుగుతూనే ఉంది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మాది కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక చిన్న చార్టర్ మిడిల్ స్కూల్. చార్టర్ అంటే ప్రభుత్వ డబ్బుతో, ఫీజు లేకుండా, కానీ స్కూల్ జిల్లా అనుమతితో సొంత బోర్డు నడిపే స్కూల్. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు కలిపి రెండొందల లోపు పిల్లలు. ఆరో తరగతిలో 60 సీట్లు. అడిగేవాళ్లు అంతకన్నా ఎక్కువ కాబట్టి లాటరీ. ఇప్పటిదాకా ఏం చేస్తున్నారంటే, స్కూల్లో ఉన్న పిల్లల తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, టీచర్ల పిల్లలకీ ముందు సీట్లిచ్చి, మిగిలినవాటికి డ్రా తీస్తున్నారు. బోర్డు ముందుకొచ్చిన కొత్త ప్రతిపాదన ప్రకారం, తక్కువ ఆదాయమున్న ఇంటి పిల్లలకి డ్రాలో ఒక చీటీ బదులు రెండు చీటీలు. తోబుట్టువుల సీట్లు 20కి మించకూడదు. మించితే వాళ్లలో వాళ్లకీ డ్రానే.

మా అబ్బాయి ఇప్పుడు ఐదో తరగతి. అక్క అక్కడే ఏడో తరగతిలో ఉంది కాబట్టి వాడి సీటుకి ఢోకా లేదని రెండేళ్లుగా నిశ్చింతగా ఉన్నాం.

మీటింగుకి నాలుగు రోజుల ముందు మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "మన పిల్లల సీట్లకి ఎసరు పెడుతున్నారు. అందరూ వచ్చి తలా ఒక మాట మాట్లాడండి." నన్ను పేరు పెట్టి మరీ అడిగారు. నేను వెళ్లాను, మాట్లాడాను, కానీ ప్రతిపాదనకి అనుకూలంగా. ఆ గ్రూపులో నాకు చాలా ఇష్టమైనవాళ్లున్నారు. పురిటికి అమ్మ రాలేకపోతే నాకు పథ్యం వండి తెచ్చిన ఆవిడ ఉంది. వాళ్లకి నా వైపు మాట పూర్తిగా చెప్పాలి.

మాకు సీటెలా వచ్చింది

ఆ స్కూల్ పేరు నేను మొదట విన్నది బతుకమ్మ ఆడటానికి వెళ్లినప్పుడు. పళ్లెంలో పులిహోర పెట్టుకుని నిలబడి ఉంటే పక్కనావిడ అడిగింది, "మిడిల్ స్కూల్‌కి ఎక్కడ వేస్తున్నారండీ?" అని. ఇంటి దగ్గరి స్కూల్‌కే అన్నాను. ఆవిడ మొహంలో జాలి కనిపించింది. ఆ రాత్రే నన్ను గ్రూపులో చేర్చింది. ఫారం ఎప్పుడు తెరుస్తారు, ఓపెన్ హౌస్ ఎప్పుడు, ఏ కాగితాలు సిద్ధం పెట్టుకోవాలి, వెయిట్‌లిస్ట్ ఏ నెలలో ఎంత కదులుతుంది, అన్నీ అక్కడున్నాయి. స్కూల్ వాళ్ల వెబ్‌సైటులో కూడా అంత వివరంగా లేవు.

ఓపెన్ హౌస్ మంగళవారం పొద్దున పదింటికి. మా ఆయన ఇంటి నుంచి పనిచేసే రోజు కాబట్టి ఆయన చూసుకున్నాడు, నేను వెళ్లొచ్చాను. ఫారం ఆఫీసులో లంచ్ టైములో నింపాను, పావుగంట కూడా పట్టలేదు. చిరునామా రుజువుకి పీజీ అండ్ ఈ కరెంటు బిల్లు ఫోటో తీసి పెట్టాను. మార్చిలో ఈమెయిల్ వచ్చింది, సీటొచ్చింది అని. రెండు రోజుల్లో ఒప్పుకోవాలి అన్నారు, రెండు నిమిషాల్లో ఒప్పుకున్నాను. అదృష్టం అనుకున్నాం. లివర్‌మోర్ గుడికి వెళ్లి కొబ్బరికాయ కూడా కొట్టాం.

ఇప్పుడు లెక్క వేసుకుంటే, అందులో అదృష్టం పాలు చివరి మెట్టు దగ్గరే ఉంది. అంతకు ముందున్న మెట్లన్నీ మాకు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఎక్కించినవి.

అమ్మాయికి ఐదో తరగతిలో ఒక ప్రాణ స్నేహితురాలుండేది. వాళ్ల అమ్మ ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పని చేస్తుంది. వాళ్లది మెక్సికో. ఇద్దరమ్మాయిలూ ఒకే స్కూల్‌కి వెళ్లాలని పట్టుబడితే, ఆవిడని మా ఇంటికి పిలిచి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఫారం నింపాం. అన్నీ అయ్యాయి, చిరునామా రుజువు దగ్గర ఆగిపోయింది. వాళ్లు వేరే కుటుంబం ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నారు. కరెంటు బిల్లు ఆవిడ పేరున లేదు. గ్యాసు లేదు, నీళ్లు లేదు. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో ఎవరైనా అడుగుతారేమోనని ఇంటివాళ్లకి భయం, ఉత్తరం రాసివ్వడానికి ఇష్టపడలేదు. మూడు వారాలు తిరిగి, గడువు రేపనగా సంతకం పెట్టించుకుంది. డ్రాలో వెయిట్‌లిస్ట్ 9 వచ్చింది.

మే నెలలో ఒక సోమవారం మధ్యాహ్నం. ఎలిమెంటరీ స్కూల్ బయట పిల్లల కోసం నిలబడి ఉన్నాను. ఆవిడ పనిబట్టల్లోనే వచ్చింది, మెడలో హోటల్ బ్యాడ్జి ఇంకా తియ్యలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి వినమంది. గాజు ఒక మూల పగిలి ఉంది, చెవికి ఆనించుకుంటే గరుగ్గా తగిలింది. వాయిస్ మెయిల్. ఇంగ్లీషులో. మీ అమ్మాయికి సీటు ఉంది, శుక్రవారం సాయంత్రం 4 లోపు తెలపండి, లేకపోతే తర్వాతివాళ్లకి ఇచ్చేస్తాం అని. బుధవారం మధ్యాహ్నం రెండింటికి వచ్చిన మెసేజ్ అది. ఆవిడ షిఫ్టులో ఫోన్ లాకర్లో పెట్టాలి. తెలియని నంబరు చూసి అప్పులవాళ్లో, అమ్మకాలవాళ్లో అనుకుంది. ఆదివారం తీరిగ్గా విన్నాక సగం అర్థమైంది. మిగతా సగం సరిగ్గానే అర్థం చేసుకున్నానా అని నన్ను అడుగుతోంది. నేను రెండోసారి కూడా విన్నాను. వెంటనే చెప్పడానికి నోరు రాక.

ఇద్దరం స్కూల్ ఆఫీసుకి వెళ్లాం. అక్కడున్నావిడ మంచి మనిషి, చాలా బాధపడింది. లిస్టు చూసి, సీటు శుక్రవారమే తర్వాతివాళ్లకి వెళ్లిపోయిందని, మళ్లీ ఖాళీ అయితే మొదట మీకే ఫోన్ చేస్తానని చెప్పింది. ఆగస్టు దాకా ఏదీ ఖాళీ కాలేదు.

అంతకు ముందు శనివారమే మా గ్రూపులో ఒకావిడ "వెయిట్‌లిస్ట్ కదిలింది, మాకొచ్చేసింది" అని పెట్టింది. అందరితో పాటు నేనూ అభినందనలు చెప్పాను. ఆ సీటూ ఈ సీటూ ఒకటేనా అని నేను ఎవరినీ అడగలేదు.

స్కూల్ నిబంధన తప్పలేదు. వరస తప్పలేదు, గడువు తప్పలేదు. డ్రా కూడా అందరి ముందే తీశారు. ఎక్కడా ఎవరూ అన్యాయం చెయ్యలేదు, ఆ పిల్లకి మాత్రం సీటు పోయింది. డ్రా న్యాయంగా ఉన్నంత మాత్రాన ప్రవేశాలు న్యాయంగా జరిగినట్టు కాదని నాకు ఆ రోజు తెలిసింది. చీటీ డబ్బాలో పడే లోపు ఎవరెవరు రాలిపోతున్నారు, చీటీ బయటికి వచ్చాక ఎవరి చేతి నుంచి జారిపోతోంది, ఇవి చూడకుండా "లాటరీ కదా, అందరికీ సమానమే" అనడానికి ఇప్పుడు నాకు మనసొప్పదు.

అసలు ఎందుకు పెట్టారు

చార్టర్ స్కూళ్ల ఆలోచనకి దేశమంతా ప్రచారం తెచ్చినవాళ్లలో ఆల్బర్ట్ షాంకర్ ఒకడు. టీచర్ల యూనియన్ నాయకుడు. 1988లో వాషింగ్టన్‌లో ఆయన చేసిన ప్రసంగం దీనికి మొదటి అడుగుల్లో ఒకటి. ఆయనకి ఆ స్ఫూర్తి జర్మనీలో కొలోన్ నగరంలో చూసిన ఒక స్కూల్ నుంచి వచ్చింది. తుర్కియే నుంచి పనుల కోసం వలస వచ్చినవాళ్ల పిల్లలూ జర్మన్ పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని చదువుకోవడం, టీచర్ల బృందం ఏళ్ల తరబడి అవే పిల్లలతో ఉండటం అక్కడ ఆయన చూశాడు. అంటే ఈ ఆలోచన పుట్టినప్పుడే రకరకాల ఇళ్ల పిల్లల్ని ఒక చోట కూర్చోబెట్టడం అందులో ఉంది. తర్వాత ఈ స్కూళ్లు నడిచిన దారి నచ్చక షాంకరే వీటికి ఎదురు తిరిగాడు, అది వేరే కథ.

1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, మరుసటి ఏడు కాలిఫోర్నియా చేసింది. మన చట్టంలోనే ఉంది, చార్టర్ అనుమతి అడిగేటప్పుడు ఆ స్కూల్ జిల్లాలో ఉండే జనాభాకి తగ్గట్టుగా రకరకాల పిల్లలు ఎలా వస్తారో రాసివ్వాలని. 2019లో ఆ లెక్కలోకి ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల్ని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని కూడా చేర్చారు. తల్లిదండ్రులు ఇన్ని గంటలు వాలంటీరు పని చెయ్యాలని షరతు పెట్టకూడదు. నమోదు కాక ముందే పిల్లల రికార్డులు అడగకూడదు. ఇవన్నీ వింటే తలుపులన్నీ తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది.

జాతిని బట్టి సీట్లు ఇవ్వడం ఇక్కడ కుదరదు. 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రపొజిషన్ 209 దాన్ని నిషేధించింది. 2020లో దాన్ని ఎత్తేద్దామని ప్రపొజిషన్ 16 పెడితే ఓడిపోయింది. కాబట్టి మిగిలిన దారి ఆదాయం. చదువులో వెనకబడే ప్రమాదమున్న పిల్లలకి లాటరీలో ఎక్కువ చీటీలు ఇవ్వొచ్చని కేంద్ర విద్యాశాఖ 2014లోనే చెప్పింది. శాన్ డియేగోలో హై టెక్ హై అనే చార్టర్ స్కూళ్లు జిప్ కోడ్‌ల (మన పిన్ కోడ్‌ల లాంటివి) వారీగా లాటరీ నడుపుతున్నాయి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో డిస్ట్రిక్ట్ 15 అనే స్కూల్ జిల్లా అయితే మామూలు ప్రభుత్వ మిడిల్ స్కూళ్లలోనే మార్కులూ ఇంటర్వ్యూలూ తీసేసి, తక్కువ ఆదాయం, ఇంగ్లీషు రాని, ఇల్లు లేని పిల్లలకి 52 శాతం సీట్లలో ముందు చోటిచ్చింది. మా బోర్డు అడిగింది అందులో సగం కూడా కాదు.

"మనమూ మైనారిటీనే కదా"

గ్రూపులో ఎక్కువమంది అన్న మాట ఇది, దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యను. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో డబ్బా తెరిస్తే పిల్లలు ముక్కు మూసుకున్న రోజు నాకు గుర్తుంది. పప్పన్నం వద్దని ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు గుర్తుంది. వీసా కాగితం మీద ఇల్లంతా నిలబడి ఉండే భయం నాకు తెలుసు. మనకి ఈ దేశంలో ఏదీ పళ్లెంలో పెట్టి ఎవరూ ఇవ్వలేదు, నిజమే.

కానీ ఆ స్కూల్లో మనం మైనారిటీ కాదు. ఆరో తరగతి గదిలోకి వెళ్లి చూస్తే సగం మంది మన దేశం వాళ్లు, అందులో తెలుగు పిల్లలే ఎక్కువ. నివేదికలో మాత్రం "ఏషియన్" అనే ఒక్క మాట ఉంటుంది. వియత్నాం బయట వియత్నామీయులు ఎక్కువగా ఉండే నగరం మాది, లక్షకు పైగా ఉన్నారు. వాళ్లలో సలోన్లలో, హోటల్ వంటిళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు ఎందరో. ఆ పిల్లలూ మా పిల్లలూ ఒకే గడిలో పడతారు. ఆ గడి నిండుగా కనిపిస్తే రకరకాల పిల్లలు వచ్చినట్టే అనిపిస్తుంది. లోపల ఉన్నది ఒకే రకం ఉద్యోగాలు చేసే, ఒకే గ్రూపులో మెసేజ్‌లు చదివే ఇళ్ల పిల్లలు.

చిన్న స్కూల్ కావడం వల్ల ఇంకో చిక్కుంది. రాష్ట్రం ఏటా ప్రకటించే పరీక్ష ఫలితాల్లో, ఏ వర్గంలోనైనా రాసినవాళ్లు 10 మందీ అంతకు తక్కువా అయితే మార్కుల చోట నక్షత్రం గుర్తు వేస్తారు, పిల్లలు ఎవరో తెలిసిపోకుండా. మంచి నిబంధనే. మా స్కూల్ పేజీ తెరిస్తే నల్లజాతి పిల్లల వరసలో నక్షత్రం, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల వరసలో నక్షత్రం. వాళ్లు బాగా చదువుతున్నారో, కుంగిపోతున్నారో బోర్డుకీ అర్థం కాదు, మనకీ అర్థం కాదు.

ఆ నక్షత్రాల్లో ఒక అబ్బాయి మా అమ్మాయి క్లాసులో ఉండేవాడు. ఆ గ్రేడులో నల్లజాతి పిల్లవాడు అతనొక్కడే. చరిత్ర పాఠంలో బానిసత్వం గురించి వచ్చినప్పుడల్లా క్లాసంతా తన వైపే తిరిగి చూసేవాళ్లట. టీచర్ కూడా, మంచి ఉద్దేశంతోనే, "నువ్వేమంటావు?" అని అడిగేదట. ఏడో తరగతి డిసెంబర్ సెలవుల తర్వాత అతను రాలేదు. ఎందుకు మానేశాడో నాకు తెలియదు, ఊహించి రాయను. మా అమ్మాయి మాత్రం ఒక మాట అంది: "అమ్మా, వాడికి తిరిగి చూడటానికి ఎవరూ లేరు."

అందుకే "కరపత్రాలు పంచుదాం, వాళ్లంతట వాళ్లే వస్తారు" అన్న వాదన నాకు సరిపోదు. ఒకళ్లిద్దర్ని తెచ్చి కూర్చోబెట్టి ఇక్కడ అన్ని రకాల పిల్లలూ ఉన్నారని ఫోటోలో చూపించుకోవడం ఆ ఒకళ్లిద్దరికి శిక్ష. అరవైలో కనీసం పదిహేనో ఇరవయ్యో ఉంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. చిన్న స్కూల్లో ఆ సంఖ్య దానంతట అది రాదు, పూనుకుని తేవాలి.

ఇంకో వాదన, కష్టపడినవాడికి దక్కాలి కదా అని. ఇక్కడ పరీక్ష లేదు, మార్కులు లేవు. చీటీకి కష్టం తెలియదు. ఆ లెక్కన ఫారం కోసం మూడు వారాలు తిరిగిన ఆవిడ కష్టం నా పావుగంట కంటే పెద్దది.

సమాధానం దొరకని సందేహాలు కూడా ఉన్నాయి. దరఖాస్తే చెయ్యనివాళ్లకి రెండు చీటీలిస్తే ఏం లాభం? సున్నాని రెండుతో గుణించినా సున్నానే. పైగా మంచి చదువు కోసం తపించే పేద ఇళ్ల పిల్లల్ని కూడా మేమే ఏరుకుంటే ఇంటి దగ్గరి ప్రభుత్వ స్కూళ్లలో మిగిలేదెవరు? పిల్లల హాజరుని బట్టే స్కూళ్లకి డబ్బు వస్తుంది. తూర్పు శాన్ హోసేలో ఆలమ్ రాక్ స్కూల్ జిల్లా పిల్లలు తగ్గిపోయి 2024 డిసెంబర్‌లో కొన్ని స్కూళ్లు మూసెయ్యడానికి తీర్మానం చేసింది. ఆ జిల్లా స్కూళ్ల ముందు నుంచే మా పిల్లల్ని కార్లలో ఎక్కించుకుని వెళుతున్నాం.

గోల్డెన్ గేట్ వంతెన దాటితే సాసలీటో, దాని పక్కనే మరిన్ సిటీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల నిర్మాణానికి వచ్చిన నల్లజాతి కార్మికుల కుటుంబాలు స్థిరపడ్డ చోటు మరిన్ సిటీ. ఆ చిన్న జిల్లాలో ఒక చార్టర్ స్కూల్, ఒక జిల్లా స్కూల్. జిల్లా స్కూల్లో నల్లజాతి, లాటినో పిల్లలే మిగిలిపోయేలా జిల్లా తెలిసి తెలిసీ నడిపిందని రాష్ట్ర అటార్నీ జనరల్ తేల్చి, 2019లో ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. 2021లో రెండు స్కూళ్లనీ కలిపేశారు. అక్కడి చార్టర్ తల్లిదండ్రులు దుర్మార్గులని నేననుకోను. తమ పిల్లలకి మంచి స్కూల్ కావాలనుకున్నారు, మాలాగే.

మా ఊరి హైస్కూలు

ఇది రాస్తుంటే తెనాలి దగ్గరి మా ఊరు మాటిమాటికీ గుర్తొస్తోంది. నేను ఆరో తరగతి అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లోనే చదివాను. కరణంగారి మనవరాలూ, మాలపల్లి పిల్లలూ, పొలం పనులకి వెళ్లేవాళ్ల పిల్లలూ, అందరం ఒకే వేపచెట్టు కింద. కూర్చునే చోట తేడాలు లేవని అబద్ధం చెప్పను, ఉన్నాయి. కానీ లెక్కల్లో ఎప్పుడూ నా కంటే ముందుండేది చాకలివాళ్ల అమ్మాయి. ఆ పిల్ల నాకు భిన్నాలు నేర్పింది.

మా నాన్న అదే స్కూల్లో సోషల్ మాస్టారు. ఒక జూన్‌లో ఊళ్లోకి తెనాలి కాన్వెంటు వ్యాను రావడం మొదలైంది. మొదటి ఏడు ఏడుగురు ఎక్కారు, వాళ్లలో నేనొకదాన్ని. నాన్న వద్దనలేదు, ఫీజు ఆయనే కట్టాడు. రెండో ఏడు ఇంకో వ్యాను వచ్చింది. స్కూల్ కమిటీలో గట్టిగా మాట్లాడేవాళ్ల పిల్లలంతా వ్యానుల్లోకి వెళ్లాక, హైస్కూల్లో లెక్కల మాస్టారు బదిలీ అయితే ఏడాది దాకా కొత్తవారు రాలేదు. అడిగే నోరు ఊళ్లో లేక కాదు. అడగాల్సిన అవసరమున్నవాళ్ల మాట ఆఫీసులో వినపడక. నాన్న రిటైరయ్యాక ఒకసారి అన్నాడు, "వ్యాను ఎక్కించింది నేనే కదమ్మా" అని. అంతకు మించి ఏమీ అనలేదు.

నేను ఇప్పుడు శాన్ హోసేలో రెండోసారి వ్యాను ఎక్కాను, ఈసారి నా పిల్లని ఎక్కించాను. ఎక్కడం తప్పా అంటే నా దగ్గర సూటి జవాబు లేదు. కానీ ఎక్కినదాన్ని కాబట్టి వ్యానులో పక్క సీటు ఎవరికి దొరుకుతోందో అడిగే బాధ్యత నాకుంది. రెండు చీటీలు నాకు అందుకే కావాలి. మన దేశంలో ప్రైవేటు స్కూళ్లు 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టంలో రాసుకున్నాం. ఊళ్లో అది సరిగా అమలు కావాలని కోరుకునే మనమే, ఇక్కడికొచ్చి రెండో చీటీ దగ్గర అభ్యంతరం చెప్పడం నాకు నచ్చలేదు.

బస్సు ఉందా?

మీటింగులో మా వాళ్లు ఎనిమిది మంది మాట్లాడారు, ఏడుగురు వ్యతిరేకంగా. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఆఖర్న ఒక తల్లి లేచింది. స్పానిష్‌లో మాట్లాడుతుంది, పక్కన అనువాదం చేసే అమ్మాయి. అనువాదం అవసరమైనవాళ్లకి రెట్టింపు సమయం ఇవ్వాలని చట్టం, కాబట్టి ఆవిడకి 4 నిమిషాలున్నాయి. ఆవిడ అర నిమిషం కూడా వాడుకోలేదు. "నేను పొద్దున ఐదున్నరకి పనికి వెళ్తాను. బస్సు ఉందా?" అని అడిగి కూర్చుంది.

గంటన్నర నుంచి చీటీల గురించి మాట్లాడుకుంటున్నాం. బస్సు మాట ఒక్కరి నోటా రాలేదు, నా రెండు పేజీల్లోనూ లేదు. లేదని బోర్డు చెప్పింది. ఇక్కడ చార్టర్ స్కూలు బస్సు నడపాలన్న నిబంధన లేదు, అంత డబ్బూ తమ దగ్గర లేదని చెప్పింది. తక్కువ ఆదాయమున్న పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలు ఎక్కువైతే రాష్ట్రం ఒక్కో పిల్లకి 20 శాతం అదనంగా ఇస్తుంది, ఆ డబ్బుతో వ్యాను గురించి ఆలోచించొచ్చు కదా అని ఒక బోర్డు మెంబరు అడిగాడు. చూద్దాం అన్నారు.

ప్రతిపాదన గెలిచింది, అనుకూలంగా నాలుగు ఓట్లు, వ్యతిరేకంగా మూడు. జిల్లా అనుమతి కూడా వచ్చింది. నేను చదవలేకపోయిన పేజీన్నరలో ముఖ్యంగా ఉన్నవి మూడు: సీటు కబురు వాయిస్ మెయిల్లో కాకుండా స్పానిష్, వియత్నామీస్‌తో సహా టెక్స్ట్ మెసేజ్‌గా పంపాలి. గడువు రెండు రోజులు కాదు, వారం ఇవ్వాలి. కరెంటు బిల్లు లేనివాళ్లు ఏం చూపించాలో ఫారం మీదే రాయాలి. వీటిని ఉత్తరంగా ఇచ్చాను. మొదటి రెండూ ఈ ఏడాది నుంచే చేస్తామన్నారు. మూడోదాని మీద జవాబు రాలేదు, మళ్లీ అడుగుతాను.

పథ్యం తెచ్చిన అక్క మర్నాడు ఫోన్ చేసింది. "నువ్వు కూడా అలా అంటే ఎలానే?" అంది. కోపం కంటే బాధే ఎక్కువుంది గొంతులో. వాళ్ల చిన్నమ్మాయిదీ మా వాడి ఈడే. ఇది చదివాక మళ్లీ మాట్లాడదామని చెప్పాను. మా ఆయన మాత్రం ముందే అన్నాడు, "నువ్వు మాట్లాడు, నేను కాదనను. కానీ సీటు రాకపోతే వాడికి నువ్వే చెప్పాలి."

చెప్పాను. డ్రా తియ్యక ముందే కూర్చోబెట్టి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మా ఫ్రెండ్సందరూ వెళ్లే స్కూల్‌కి వెళ్తాను కదా, నడిచి వెళ్లొచ్చు" అన్నాడు.

వాడన్న స్కూల్ మా వీధి చివరుంది. రెండేళ్ల క్రితం దాని రేటింగ్ అంకె ఒక వెబ్‌సైటులో చూసి పక్కన పెట్టేశాం, గేటు లోపలికి అడుగు కూడా పెట్టలేదు. మొన్న మంగళవారం సెలవు పెట్టి వెళ్లొచ్చాను. సైన్సు గదిలో కిటికీల వెంట పెరుగు డబ్బాల్లో చిక్కుడు మొక్కలు, ఒక్కో డబ్బా మీద ఒక్కో పిల్ల పేరు, నాలుగు భాషల లిపుల్లో. ఒక దాని మీద తెలుగులో ఉంది, అక్షరాలు వంకరగా. ఎవరు రాశారని అడిగితే టీచర్ చేత్తో చూపించింది. వెనక బల్ల దగ్గర నిలబడి, పక్కనున్న పిల్లవాడికి వాడి పేరు తెలుగులో ఎలా రాయాలో నేర్పిస్తోంది ఒక అమ్మాయి.